తలుపుకి అంటించిన వెంట్రుక

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి టీ తాగుతూ, రెండోసారి పెన్సిల్ చేత్తో పట్టుకుని. వచ్చే జేమ్స్ బాండ్ సినిమా నుంచి అభిమానులు ఏం కోరుకుంటున్నారో ఇరవై రెండు కోరికలుగా వరసపెట్టి రాశావు. ఆస్టన్ మార్టిన్ కారు ఉండాలి, బాండ్‌కి వింత ఆయుధాలు తయారుచేసే క్యూ ఇచ్చే పరికరాలు మళ్లీ రావాలి, విలన్‌కి పెద్ద స్థావరం కావాలి, హీరోకి నలభై దాటకూడదు. ఒక్కటీ తప్పు కాదు. కానీ చదువుతుంటే పెళ్లి సరుకుల చీటీ చదివినట్టుంది, పెళ్లి మాత్రం కళ్లకి కట్టలేదు.

మెయిల్ అడుగున, వ్యాసంలో కలపకుండా, నాలుగు లైన్లు విడిగా రాశావు చూడు, వాటి దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు ‘అభిమానులు’ అన్న మాట సంగతి. పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ పోతే ఆ మాట ముప్పై ఒక్కసార్లు వచ్చింది. ‘నేను’ అన్న మాట ఒక్కసారీ రాలేదు. నువ్వు ఆ సినిమాలు ఎన్నిసార్లు చూశావో నాకు తెలుసు. అభిమాని అంటే నువ్వే కదా! మరి నిన్ను నువ్వు ఎందుకు బయట నిలబెట్టావు?

పైగా అభిమానులు నోటితో అడిగేది ఒకటి, హాల్లో లైట్లు ఆరిపోయాక వాళ్ల మనసు పట్టుకునేది ఇంకొకటి. 2002లో వచ్చిన ‘డై అనదర్ డే’ గుర్తు తెచ్చుకో. బాండ్ సినిమాల్లో అది ఇరవయ్యోది, మొదటి సినిమాకి నలభై ఏళ్లు నిండిన ఏడాది. అభిమానులకి ఇష్టమైనవన్నీ ఏరి మరీ పెట్టారు. క్యూ ల్యాబ్‌లో పాత సినిమాల నాటి జెట్‌ప్యాక్, కత్తి దాచిన బూటు. 1962లో ఉర్సులా ఆండ్రెస్ సముద్రంలోంచి నడిచొచ్చిన సీన్‌ని హాలీ బెరీతో మళ్లీ తీశారు. దానికి తోడు కంటికి కనిపించకుండా మాయమైపోయే కారు. డబ్బులు బాగానే వచ్చాయి. కానీ ఆ మాయం కారు దగ్గర చాలామందికి మనసు విరిగిపోయింది. ఎవరికీ కనపడని కార్లో కూర్చున్నవాడికి ఏమవుతుందోనన్న భయం మనకెందుకు ఉంటుంది?

ఆ తర్వాత 2005లో కొత్త బాండ్‌గా డేనియల్ క్రెయిగ్ పేరు ప్రకటించారు. బంగారు రంగు జుట్టు, పొట్టి, బాండ్‌లా లేడు అని గోల. సినిమా చూడొద్దని ప్రచారం నడిపినవాళ్లు కూడా ఉన్నారు. మరుసటి ఏడాది ‘క్యాసినో రాయల్’ వచ్చింది. అందులో క్యూ లేడు, బాండ్ పై అధికారి సెక్రటరీ మనీపెన్నీ లేదు. అందరికీ నోటికొచ్చిన ఆ థీమ్ మ్యూజిక్ ముక్కలు ముక్కలుగా తప్ప వినపడదు. 144 నిమిషాల సినిమాలో చివరి నిమిషం దాకా ఆగి, సరస్సు పక్కన ఒక మనిషిని కాల్లో కాల్చి పడేసి, అప్పుడు చెప్తాడు తన పేరు. అప్పుడు మోగుతుంది పూర్తి థీమ్. అడిగినవేవీ అడిగినప్పుడు ఇవ్వలేదు. అయినా ఇవాళ బాండ్ సినిమాల్లో ఏది గొప్పదన్నా ఎక్కువమంది నోట ముందు వచ్చే పేర్లలో అదొకటి. నీ వ్యాసానికి నడుం ఇదేనని నాకనిపిస్తోంది. కోరికల చీటీ పక్కన పెట్టి, ఈ సంగతి మీద కూర్చో.

మరి మనసు పట్టుకునేది ఏమిటి? నా మటుకు నేను చెప్తాను, నీది నువ్వు వెతుక్కో.

1962 నాటి మొదటి సినిమా ‘డాక్టర్ నో’లో, జమైకాలో ఒక హోటల్ గది. బాండ్‌గా షాన్ కానరీ బయటికి వెళ్లబోతున్నాడు. బ్రీఫ్‌కేస్ తాళాల మీద కాస్త పౌడర్ చల్లుతాడు. తర్వాత తలలోంచి ఒక వెంట్రుక పీకి, ఉమ్మితో తడిపి, బట్టల అల్మారా రెండు తలుపుల మధ్య అడ్డంగా అంటిస్తాడు. మాట లేదు, హడావిడి లేదు. రోజూ చేసే పనిలా, మనం ఇంటికి తాళం వేసి ఒకసారి లాగి చూసుకున్నట్టు. తిరిగొచ్చాక చూస్తే ఆ వెంట్రుక ఉండదు. అంతే, గదిలోకి ఎవరో వచ్చి వెళ్లారని అతనికీ తెలిసింది, మనకీ తెలిసింది.

ఆ సీన్‌కి నిర్మాతకి రూపాయి ఖర్చు లేదు. నేనది చూసింది ఇంటర్ చదివే రోజుల్లో. ఆ రాత్రే హాస్టల్లో నా ట్రంకుపెట్టెకి వెంట్రుక అంటించాను. పొద్దున లేచి చూస్తే అది అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. అయినా ఆ వారమంతా నేను నిటారుగా నడిచాను. స్పై సినిమా చూసి జనం ఇంటికి పట్టుకెళ్లేది ఇలాంటిదే అని నా నమ్మకం. పేలిపోయిన కోటని ఎవరూ ఇంటికి పట్టుకెళ్లలేరు. ఒక పని తెలిసినవాడు ఆ పనిని ఎంత శ్రద్ధగా చేస్తాడో చూడటం, అది మనతో వస్తుంది. బాండ్‌ని పుట్టించిన ఇయాన్ ఫ్లెమింగ్ రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళ గూఢచార విభాగంలో పనిచేసినవాడు. ఆ కొలువు వాసన మొదటి నవల నుంచీ ఉంది.

ఇంకో సీన్ చెప్తాను, ఇది నువ్వూ చూసిందే. 2006 సినిమాలో హోటల్ మెట్ల మీద ఒళ్లు గగుర్పొడిచే కొట్లాట. ఇద్దరు చచ్చిపోతారు. బాండ్ గదికెళ్లి రక్తం కడుక్కుని, చొక్కా మార్చుకుని, మళ్లీ పేకాట బల్ల దగ్గరికొచ్చి కూర్చుంటాడు. ఆ ఆటలో కూర్చోవాలంటేనే కోటి డాలర్లు కట్టాలి, ఆ ముఖం మీద ఏమీ కనపడకూడదు మరి. ఆట ఆపాక గదికొస్తే, అతనితో వచ్చిన వెస్పర్ అనే అమ్మాయి కట్టుకున్న బట్టలతోనే షవర్ కింద ముడుచుకుని కూర్చుని ఉంటుంది. చేతులకి రక్తం ఇంకా ఉన్నట్టే ఉందంటుంది. అతను కూడా సూటుతోనే వెళ్లి పక్కన కూర్చుంటాడు. చలేస్తోందా అని అడుగుతాడు. చెయ్యి చాపి నీళ్లు వేడి చేస్తాడు. బాండ్ సినిమాలన్నిట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కదలిక ఆ చెయ్యి చాపడం. చంపడం అతని ఉద్యోగమని అప్పటికి గంటకి పైగా చూస్తున్నాం, దాని బరువు ఎంతో అక్కడ తెలుస్తుంది.

విలన్ గురించి నువ్వు రాసిన పేరా బాగుంది కానీ సగంలో ఆపేశావు. 2006 సినిమాలో విలన్ లె షీఫ్ర్ ప్రపంచాన్ని ఏలాలనుకునేవాడు కాదు. వేరేవాళ్ల డబ్బు షేర్లలో పెట్టి పోగొట్టుకుని, తన ప్రాణం కోసం పేకాడుతున్నవాడు. అతనికీ టెన్షనే. అందుకే బల్లకి రెండువైపులా మనకి ఊపిరి ఆడదు. 2015 సినిమాకొచ్చేసరికి విలన్ బాండ్‌తో పెరిగిన అన్నలాంటివాడని తేల్చారు. అంత పెద్ద ప్రపంచం ఒక్కసారిగా ఇంటి గొడవ అయిపోయింది. ఆ ముక్క నీకూ నచ్చలేదని మాటల్లో చెప్పావు, వ్యాసంలో ఎందుకు దాచావు? నచ్చనిది రాయడానికి భయపడకు, ఎందుకు నచ్చలేదో కూడా రాస్తే చాలు.

కొత్త హీరో ఎవరు అన్న ఊహాగానాల పేజీ మొత్తం తీసెయ్. ఆలస్యం అవుతోందన్న పేజీ కూడా. 1989 తర్వాత ఆరేళ్లు ఆగారు, 2015 తర్వాత మళ్లీ ఆరేళ్లు ఆగారు, జనం వచ్చారు. నిజంగా భయం ఉన్నది వేరేచోట. ఆరు దశాబ్దాలు నిర్మాతలైన బ్రోకలీ కుటుంబం చేతిలో ఉన్న పగ్గాలు 2025 ఫిబ్రవరిలో అమెజాన్ ఎంజీఎంకి వెళ్లాయి. వచ్చే సినిమాకి డెనిస్ విల్నావ్ దర్శకుడు, స్టీవెన్ నైట్ రచయిత అని ప్రకటించారు. ఇద్దరూ పనిమంతులే. కానీ 1962 నుంచి 2021 దాకా బ్రోకలీల సంస్థ తీసినవి 25 సినిమాలే. పండగలా అప్పుడప్పుడూ వచ్చేది రోజువారీ సీరియల్ అయిపోతుందేమోనన్న దిగులు నీ వ్యాసంలో ఒక్క లైన్‌లో తేలిపోయింది. దానికి ఆ పేజీలు ఇవ్వు.

ఇక చచ్చిపోయినవాడు ఎలా తిరిగొస్తాడన్న ప్రశ్న. 2021 సినిమా చివర బాండ్ చనిపోయాడు కాబట్టి కథలో ఏదో సాకు చెప్పాలని నువ్వంటున్నావు. నేను ఒప్పుకోను. 1969లో జార్జ్ లేజెన్‌బీ బాండ్‌గా ఉన్నప్పుడు పెళ్లైన కాసేపటికే భార్యని కాల్చి చంపుతారు. 1981 సినిమా మొదట్లో ఆమె సమాధి దగ్గర పువ్వులు పెట్టింది రోజర్ మూర్. ముఖం మారింది, దుఃఖం మారలేదు. హాల్లో ఎవరూ లేచి అడగలేదు. సాకు చెప్పడం మొదలుపెడితేనే అనుమానం పుడుతుంది. ప్రతి బాండ్ సినిమాలో కనిపించే ఆ తుపాకీ గొట్టంలాంటి తెల్లటి వలయం తెర మీద కదిలి, మనిషి నడిచొచ్చి, తిరిగి కాల్చాలి. అంతే చాలు. మన దగ్గర 1966లోనే ‘గూఢచారి 116’గా కృష్ణగారు వచ్చినప్పుడు ‘ఆంధ్రా జేమ్స్ బాండ్’ అని నెత్తిన పెట్టుకున్నారు కదా, ఆ నడకకి అంత బలం ఉంది.

ఇప్పుడు నీ నాలుగు లైన్లు. ఆ 2021 సినిమాకి మీ నాన్నగారిని తీసుకెళ్లానని రాశావు. సినిమా అయిపోయి లైట్లు వేశారు, జనం వెళ్లిపోయారు, ఊడ్చేవాళ్లు చీపుళ్లతో వచ్చారు. నాన్నగారు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. పేర్లన్నీ అయిపోయాక తెర మీద ఆ ఒక్క వాక్యం పడింది, జేమ్స్ బాండ్ మళ్లీ వస్తాడని. ఆయనకి ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి నువ్వు చదివి చెప్పావు.

వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టు. తనూ చిన్నప్పుడు ఈ సినిమాలు నాన్నతో కలిసి చూశానని విల్నావ్ కూడా అన్నాడు, వీలైతే ఆ మాట పక్కన పెట్టు. ఇరవై రెండు కోరికల్లో నీకు నిజంగా ఉన్నవి మూడో నాలుగో మిగులుతాయి, అవి వాటంతటవే వచ్చి చేరతాయి. ఇంకొకటి, నువ్వు చదివి చెప్పాక నాన్నగారు ఏమన్నారో రాయలేదు. ఆయన్ని అడిగి అది కూడా రాసి పంపు.

ప్రేమతో,
అన్నయ్య