చివర్లో ‘ఏబుల్’ రాయాలా, ‘ఐబుల్’ రాయాలా?

ఇంగ్లీషులో ‘బుల్’ అని ముగిసే మాటల్లో ‘బి’కి ముందు ‘ఏ’ రాయాలా, ‘ఐ’ రాయాలా అన్నది మీ ప్రశ్న. చెవికి రెండూ ఒకటే, అందుకే విని రాయడం కుదరదు.

ముందు ఆ తోక తీసేసి చూడండి. మిగిలింది సొంతంగా నిలబడే మాటైతే చాలావరకు ‘ఏ’ వస్తుంది: రీడబుల్‌లో రీడ్, వాషబుల్‌లో వాష్. నిలబడకపోతే ఎక్కువగా ‘ఐ’: విజిబుల్, టెరిబుల్. ఇలాంటివి లాటిన్ మూలం నుంచి వచ్చినవి. ఇంగ్లీషు కొత్తగా కట్టుకునే మాటలకు ‘ఏ’నే తగిలిస్తుంది కాబట్టి, అనుమానం తీరకపోతే అదే రాయడం మేలు. ఫ్లెక్సిబుల్, సెన్సిబుల్ మాత్రం ఈ లెక్కకు లొంగవు: ఫ్లెక్స్, సెన్స్ సొంతంగా నిలబడే మాటలే అయినా ‘ఐ’నే వస్తుంది, గుర్తుపెట్టుకోవాల్సిందే.

అసలు తడబాటు నోటీసబుల్ దగ్గర. వాల్యూ చివరి ‘ఈ’ వాల్యుబుల్‌లో ఎగిరిపోతుంది కదా, నోటీస్‌లో ‘ఈ’ ఎందుకు పోదు? పోతే ‘సి’ పక్కకు ‘ఏ’ వచ్చి, చదివేవాళ్లు ‘నోటికబుల్’ అంటారు. ఆ ‘స’ శబ్దాన్ని కాపాడేది మధ్యలో ఉన్న ‘ఈ’. చేంజబుల్‌లో ‘జి’ పక్కన కూడా ఇంతే. నాకైతే ఈ కారణం తెలిశాక ఆ రెండు మాటల దగ్గర టెన్షన్ పోయింది.

ఇలాంటి చిక్కు వేరే తోకల్లోనూ ఉంటుంది. కాన్ఫిడెన్స్‌లో ‘డి’ తర్వాత ‘ఈ’నా ‘ఏ’నా అని సందేహమొస్తే కాన్ఫిడెన్షియల్ అని పలకండి, ‘ఈ’ స్పష్టంగా వినిపిస్తుంది.