పూడిక వేరు, బిరుసు వేరు

చిరంజీవికి ఆశీస్సులు.

పెద్దవయసువాళ్ల రక్తనాళాల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష హాయిగా సాగింది. కానీ మొదటి పేరాలోనే ధమనిని తుప్పు పట్టిన గొట్టంతో పోల్చావు. అది తీసెయ్. రెండు వేరువేరు జబ్బుల్ని ఆ పోలిక ఒకే గాట కట్టేస్తోంది. ధమని గోడలో కాల్షియం రెండు చోట్ల చేరుతుంది. లోపలి పొరలో కొవ్వు పూడికతో కలిసి చేరితే దారి ఇరుకవుతుంది, ఆ పూడిక చిట్లితే గుండెపోటు రావచ్చు. మధ్య పొరలో చేరితే దారి దాదాపు అలాగే ఉంటుంది, గోడ మాత్రం బిరుసెక్కుతుంది. ఈ రెండోదాన్ని జర్మన్ వైద్యుడు మోంకెబర్గ్ 1903లోనే వర్ణించాడు. మధుమేహం, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ. ఒకే మనిషిలో రెండూ ఉండొచ్చు, అది కూడా చెప్పాలి. వ్యాసంలో కాల్షియం ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ఏ పొరలోనో రాయి.

బిరుసు ఎందుకొస్తుందో ఒక్క వాక్యంలో తేల్చేశావు, నిజానికి సరుకంతా అక్కడే ఉంది. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని, అంటే బృహద్ధమనికి సాగే గుణం ఇచ్చేది ఎలాస్టిన్ అనే ప్రొటీన్. శరీరం దాన్ని చాలావరకు పుట్టకముందూ పసితనంలోనూ తయారుచేసుకుంటుంది, ఆ తర్వాత కొత్తగా వచ్చేది అత్యల్పం. గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే ఏడాదికి 3 కోట్ల 60 లక్షలు దాటుతుంది. అన్నిసార్లూ ఆ గోడ సాగి, మళ్లీ ముడుచుకోవాలి. దశాబ్దాలు గడిచేసరికి ఎలాస్టిన్ పోగులు తెగిపోయి, భారమంతా అంతగా సాగని కొల్లాజెన్ అనే మరో ప్రొటీన్ మీద పడుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే కొల్లాజెన్ పోగులు ఒకదానికొకటి అతుక్కుని మరీ మొండికేస్తాయి.

కాల్షియం చేరడం కూడా రక్తంలో ఎక్కువైంది వచ్చి గోడకు అంటుకోవడం కాదు. గోడలోని కండర కణాలే ఎముక కణాల పోకడలు పోతాయి. రక్తంలో ఫాస్ఫేట్ పెరిగితే ఆ మార్పు వేగం పుంజుకుంటుంది, దెబ్బతిన్న కిడ్నీ దాన్ని సరిగా బయటికి పంపలేదు, అందుకే కిడ్నీ రోగుల్లో ఇంత ఎక్కువ. దీన్ని అడ్డుకునే ప్రొటీన్లూ ఉన్నాయి. వాటిలో ఎంజీపీ అనేది విటమిన్ కె అందితేనే పనిచేస్తుంది. ఆ ప్రొటీన్ జన్యువు లేకుండా పుట్టించిన చిట్టెలుకలు ధమనులు గట్టిపడి, పగిలి రెండు నెలల్లోపే చచ్చిపోయాయని 1997లో తేలింది.

ఇంతవరకు చదివితే ఎవరికైనా ‘విటమిన్ కె మాత్రలు వేసుకోండి’ అని రాయాలనిపిస్తుంది. రాయొద్దు. డెన్మార్క్‌లో పెద్దవయసు మగవాళ్లకు రెండేళ్లు విటమిన్ కె2, డి కలిపి ఇచ్చి చూశారు. గుండె కవాటంలో కాల్షియం పెరగడం తగ్గలేదని 2022లో ప్రకటించారు. పైగా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవాళ్లు నీ మాట విని సొంతంగా విటమిన్ కె మొదలుపెడితే ఆ మందు పట్టు సడలి రక్తం గడ్డకట్టే ముప్పుంది. కాల్షియాన్ని కడిగేస్తాయంటూ చెప్పే ఈడీటీఏ అనే రసాయనం కలిపిన సెలైన్ల సంగతీ అంతే. 2013లో వచ్చిన అధ్యయనం కొంత మేలు చూపింది, గుండెపోటు వచ్చిన మధుమేహుల మీద అదే మళ్లీ చేసి చూస్తే 2024లో ఆ మేలు కనిపించలేదు. మొదటిది రాసి రెండోది వదిలేయడం పాఠకుణ్ణి మోసం చేయడమే. చేరిన కాల్షియాన్ని కరిగిస్తుందని రుజువైన మందు ఇప్పటికి లేదు. నడక, ఉప్పు తగ్గించడం, పొగ మానడం, బీపీ-షుగర్ల అదుపు: వీటి గురించి నువ్వు రాసింది చాలు, పెంచక్కర్లేదు.

బీపీ పేరాలో ఒక రీడింగ్ విప్పి చూపించు. 168/62 తీసుకో. రక్తం దూసుకొచ్చినప్పుడు బృహద్ధమని సాగి చోటివ్వదు కాబట్టి పై అంకె ఎగబాకుతుంది. సాగనిది వెనక్కి ముడుచుకుని రక్తాన్ని తోయలేదు కాబట్టి రెండు దెబ్బల మధ్య కింది అంకె పడిపోతుంది. తేడా 106. ‘కిందిది నార్మలేగా’ అని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు, కానీ గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది ఆ కింది అంకె ఉన్న సమయంలోనే. పై బీపీ మాత్రమే పెరిగిన 60 ఏళ్లు దాటినవాళ్లకు మందులిస్తే పక్షవాతం 36 శాతం తగ్గిందని 1991లోనే అమెరికా అధ్యయనం చూపింది. కాబట్టి ‘వయసుకి మామూలే’ అనే మాట నీ వ్యాసంలో ఉండకూడదు. అలాగని మందు ఒక్కసారిగా పెంచితే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. పడుకున్నప్పుడు, లేచిన మూడు నిమిషాల్లోపు బీపీ చూడాలి. పై అంకె 20 పడిపోతే డాక్టరుకు చెప్పాల్సిందే.

బిరుసును నేరుగా కొలిచే పద్ధతి నాడీ తరంగ వేగం, అంటే గుండె దెబ్బకు ధమనుల్లో పుట్టిన అల పరుగెత్తే వేగం. మెడ దగ్గరా, గజ్జల దగ్గరా నాడి పట్టి, మధ్య దూరాన్ని ఆ రెండు చోట్లకూ అల చేరిన సమయాల తేడాతో భాగిస్తారు. సెకనుకు 10 మీటర్లు దాటితే గోడ బిరుసెక్కినట్టు. శరీరం మీద టేపుతో కొలిచిన దూరాన్ని 0.8తో గుణించాకే ఈ హద్దు వర్తిస్తుంది. గుణించకపోతే అదే మనిషికి వేగం పావు వంతు ఎక్కువగా వస్తుంది. పరీక్షకు ముందు 3 గంటలు తిండి, కాఫీ, పొగ ఉండకూడదు. 10 నిమిషాలు పడుకుని ఉండాలి. ఆ పూట బీపీ ఎక్కువుంటే వేగమూ ఎక్కువే చూపిస్తుంది.

కాలి చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగించే పరీక్షలో 0.9కి తగ్గడం గురించే, అంటే కాలి ధమని ఇరుకవడం గురించే రాశావు. 1.4 దాటడం కూడా మంచి వార్త కాదు. మధ్య పొర గట్టిపడిన ధమనిని బీపీ పట్టీ నొక్కలేక ఆ అంకె వస్తుంది. అప్పుడు కాలి బొటనవేలి బీపీ చూస్తారు.

ఇక సీటీ కాల్షియం స్కోరు, అంటే గుండె ధమనుల్లో చేరిన కాల్షియాన్ని సీటీ స్కాన్‌లో లెక్కగట్టిన అంకె. సున్నా వచ్చినా మెత్తని పూడిక ఉండొచ్చు, కాల్షియం లేనిది ఆ లెక్కలోకి రాదు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడేవాళ్లలో స్కోరు పెరగవచ్చు కూడా, మెత్తని పూడిక గట్టిపడి స్థిరపడుతుంది కాబట్టి. గుండెపోటు ముప్పు మాత్రం తగ్గుతుంది. ఇది తెలియక రెండో స్కాన్ చూసి మాత్రలు మానేసేవాళ్లున్నారు. ఈ సంగతి లేకుండా స్కోరు పేరా అచ్చుకు పంపకు.