హైకోర్టు ధిక్కార పిటిషన్: సమ్మతి ఎవరిది?

తెలంగాణ హైకోర్టును కించపరిచిన వ్యాఖ్యలపై ధిక్కార పిటిషన్ వేసేందుకు సమ్మతి కోరుతూ పెట్టిన దరఖాస్తు ఎందుకు తిరిగి వచ్చిందని మీరు అడిగారు. ఆ సమ్మతిని మీరు భారత అటార్నీ జనరల్‌ను (కేంద్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారిని) కోరడమే దానికి కారణమై ఉండవచ్చు.

1. కోర్టును కించపరిచే వ్యాఖ్యలు క్రిమినల్ ధిక్కారం కిందికి వస్తాయి. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం 15వ సెక్షన్ ప్రకారం, దానిపై మీలాంటి వ్యక్తి పిటిషన్ వేయాలంటే సుప్రీంకోర్టు విషయంలో అటార్నీ జనరల్ లేదా సొలిసిటర్ జనరల్ (అటార్నీ జనరల్ తర్వాతి స్థానంలోని న్యాయాధికారి), హైకోర్టు విషయంలో రాష్ట్ర అడ్వకేట్ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి) సమ్మతించాలి. అటార్నీ జనరల్ పదవి రాజ్యాంగం 76వ అధికరణ కిందిది. అడ్వకేట్ జనరల్ పదవి 165వ అధికరణ కిందిది.

2. ఎక్కువమంది మరచేది ఇదే: సమ్మతి లిఖితపూర్వకంగా ఉండాలి, దానిని పిటిషన్ దాఖలు చేయడానికి ముందే పొందాలి. కనుక ఆ వ్యాఖ్యల ప్రతిని, వాటి తేదీని జతచేసి అడ్వకేట్ జనరల్‌కు వెంటనే రాయండి. 20వ సెక్షన్ విధించిన ఏడాది గడువును దయచేసి జారవిడుచుకోకండి.

3. కోర్టు ఉత్తర్వును ఉల్లంఘించారన్నదే ఫిర్యాదైతే, అది సివిల్ ధిక్కారం. దానికి ఈ సమ్మతి అక్కరలేదు.