ఫుకెట్ వెళ్లిన క్రూ అక్కడ ఎన్ని రోజులు ఉంటారు?

మీ అమ్మాయికి హైదరాబాద్ బేస్‌తో, అంటే డ్యూటీలు అక్కడే మొదలై అక్కడే ముగిసేలా, క్యాబిన్ క్రూ (విమానంలో ప్రయాణికులను చూసుకునే సిబ్బంది) ఉద్యోగం వచ్చిందని, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్, ఇండోనేషియాలోని బాలి లాంటి రూట్లలో వేస్తే రోజుల తరబడి అక్కడే ఉండిపోవాలా, నాగర్‌కర్నూల్‌కు ఎప్పుడొస్తుందని అడిగారు. మాది మహబూబ్‌నగర్, చాలా ఏళ్లుగా ఇదే ఉద్యోగం. ముందు మీ దిగులు తగ్గించే మాట: ఫుకెట్ వెళ్లిన పిల్ల ఎక్కువసార్లు విమానం దిగకుండానే వెనక్కి వచ్చేస్తుంది.

మా నాన్న ఆర్టీసీ కండక్టర్. ఇంట్లో అందరికంటే ముందు నా రోస్టర్, అంటే డ్యూటీల పట్టిక, అర్థమైంది ఆయనకే. పొద్దున తీసుకెళ్లిన బస్సుతో సాయంత్రానికి డిపోకు చేరడం ఒక రకం డ్యూటీ. రాత్రి పల్లెలో పడుకొని తెల్లవారుజామున మొదటి సర్వీసు తేవడం నైట్ హాల్ట్. మాకూ అవే రెండు: వెళ్లిన విమానంతోనే తిరిగొస్తే టర్నరౌండ్, అక్కడే ఆగితే లేఓవర్. ఏది పడుతుందన్నది గంటలే తేలుస్తాయి, ఊరి అందంతో పని లేదు.

హైదరాబాద్ నుంచి ఫుకెట్‌కు సుమారు నాలుగు గంటలు. బయల్దేరే ముందు రిపోర్టింగుకు ఒక గంట, అక్కడ ప్రయాణికులు దిగి కొత్తవాళ్లు ఎక్కడానికి ఇంకో గంట, తిరుగు ప్రయాణం నాలుగు. మొత్తం పది గంటల దగ్గర తేలుతుంది. పగలైతే ఒకే డ్యూటీలో ఇమిడిపోతుంది. రాత్రయితే లెక్క బిగుసుకుంటుంది. పైలట్ల కోసం డీజీసీఏ (దేశంలో విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) 2024లో ప్రకటించి 2025లో రెండు విడతలుగా అమల్లోకి తెచ్చిన నిబంధనల్లో రాత్రి డ్యూటీకి 10 గంటలే పరిమితి. వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచారు. క్యాబిన్ క్రూ నిబంధనలు వేరు. కానీ పైలట్ల గంటలు మారితే విమానాల వేళలు మారతాయి, వాటితో మా డ్యూటీలూ జరుగుతాయి. ఈ లెక్కకు సరిపడా పైలట్లు లేకపోతే ఏమవుతుందో 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో విమానాలు వరసగా రద్దైనప్పుడు దేశమంతా చూసింది.

బాలి సంగతి వేరు. బెంగళూరు నుంచే ఆరున్నర గంటలకు పైమాట. వెళ్లిన సిబ్బందే అదే విమానాన్ని వెనక్కి తేలేరు, ఆగి తీరాలి. ఎంతసేపు? పైలట్లకైతే ఇంత తక్కువ కాలభేదం ఉన్నచోట 12 గంటలు, లేదా చేసి వచ్చిన డ్యూటీ ఎంతసేపో అంత, రెండింటిలో ఏది ఎక్కువైతే అది కనీస విశ్రాంతి. మా లెక్కా దాదాపు అంతే. ఆ తర్వాత వచ్చే సర్వీసు ఎప్పుడుంటే అప్పుడే తిరుగు ప్రయాణం. రోజూ సర్వీసు ఉంటే ఒక రోజులో బయటపడతాం. వారానికి మూడే ఉంటే రెండు మూడు రోజులు. లేదంటే కంపెనీ మమ్మల్ని ప్రయాణికుల సీట్లలో కూర్చోబెట్టి ఇంకో విమానంలో రప్పిస్తుంది, దాన్ని డెడ్‌హెడ్ అంటాం. మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో కొత్త షెడ్యూళ్లు మొదలవుతాయి. సీజన్ ఊపందుకొని సర్వీసులు పెరిగే కొద్దీ మా మకాం కురచైపోతుంది. సముద్రం బాగున్నప్పుడే మాకు తీరిక ఉండదన్నమాట.

ఫుకెట్‌లో ఆగాల్సి వచ్చినా ఫోటోల్లో చూసేంత ఉండదు. తెల్లవారి దిగి, హోటల్ కిటికీకి తెర లాగేసి మధ్యాహ్నం దాకా నిద్ర. విమానాశ్రయం దీవికి ఉత్తరాన ఉంది, అందరూ చెప్పే పటోంగ్ తీరానికి దాదాపు గంట ప్రయాణం. నేనైతే దగ్గరున్న నై యాంగ్ తీరంలో కాసేపు నడిచి వచ్చేస్తాను. తాగుడు గురించి చుట్టాలు మీ చెవిన ఏదైనా వేసి ఉంటే, డ్యూటీకి ముందు 12 గంటలు మద్యం ముట్టకూడదని, ఊపిరి పరీక్ష కూడా ఉంటుందని చెప్పండి.

లేఓవర్‌కు అలవెన్స్ వస్తుందని కొత్త పిల్లలు దానికోసం పోటీ పడతారు. నాకు టర్నరౌండే ఇష్టం, సొంత మంచం మీద నిద్ర కదా!

మీరు అసలు పట్టించుకోవాల్సింది స్టాండ్‌బై. ఆ రోజు ఫోను రాగానే కంపెనీ చెప్పిన వ్యవధిలో రిపోర్టు చేయాలి. మహబూబ్‌నగర్ నుంచి శంషాబాద్‌కు ఎనభై కిలోమీటర్లే, దారి మంచి హైవే, అయినా నేను స్టాండ్‌బై రోజు ఇంట్లో ఉండే సాహసం చేయను. నాగర్‌కర్నూల్ ఇంకా దూరం. శంషాబాద్ చుట్టుపక్కల గది తప్పదు. ఇంటికి రావాలంటే వరుసగా రెండు సెలవులు పడాలి, వాటిని ముందే కోరుకోవాలి. బతుకమ్మకు సగం బేస్ సెలవు అడుగుతుంది కాబట్టి ఆశ పెట్టుకోకండి. కురుమూర్తి జాతరకు అడిగేది మా దగ్గర నేనొక్కదాన్నే, అందుకే చాలాసార్లు దొరుకుతుంది. మీ వైపు సలేశ్వరం జాతర ఉందిగా, ఆ రోజులకు పోటీ తక్కువ.

రోస్టర్ వచ్చిన రోజే ఫోటో తీసి పంపమనండి. అందులో వేళలు యూటీసీలో (ప్రపంచమంతటికీ ఉమ్మడి ప్రామాణిక సమయం) ఉంటే, మన టైము కోసం ఐదున్నర గంటలు కలిపి చదువుకోవాలి.