చిన్న చక్రానికి పెద్ద ధరా?

ప్రశ్న: చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ పాసింజరు రైల్లో ఉద్యోగానికి వస్తాను. స్టేషన్ నుంచి ఆఫీసుకు ఆటోలకే బోలెడు అవుతోంది. మడతపెట్టే సైకిల్ కొందామని చూస్తే 26 అంగుళాల చక్రాలది 12 వేలు, 20 అంగుళాలది 22 వేలు, 16 అంగుళాలది ఒకటి ఏకంగా లక్ష దాటింది. చక్రం చిన్నదయ్యేకొద్దీ ధర తగ్గాలి కదండీ?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, తిరుపతిలో మా షాపుకొచ్చేవాళ్లదీ ఇదే మాట. ‘ఏందన్నా, పిల్లల సైకిలంత లేదు, దీనికింత రేటా?’ అంటారు. ఇనుము, రబ్బరు లెక్కేస్తే మీరన్నదే నిజం. కానీ మడత సైకిల్లో మనం డబ్బు పోసేది చక్రానికి కాదు, కీలుకు.

26 అంగుళాలది చాలావరకు మామూలు గేరు సైకిలే. ఫ్రేము మధ్యలో కీలు పెట్టారు, అంతే. టైరు, రిమ్ము, ఫోర్కు, హ్యాండిల్ అన్నీ రాశులుగా తయారయ్యే సరుకు కాబట్టి చవక. మా దగ్గరికి రిపేరుకొచ్చిన ఒకదాన్ని తూకమేస్తే 17 కిలోలుంది. పైగా ఎంత మడిచినా చక్రం మడవలేం కదా, ఆ 66 సెంటీమీటర్లు ఎక్కడికి పోతాయి? కారు డిక్కీలో వేసుకుని చంద్రగిరి కోట దాకా పోయి సరదాగా తొక్కేవాళ్లకు బాగుంటుంది. పాసింజరు రైల్లో తలుపు దగ్గర పెట్టారంటే మాత్రం పాకాల వచ్చేలోపు పదిమందితో తిట్లు తింటారు.

ఇక చిన్నవాటి సంగతి. చక్రం కిందికి పోయినా మనిషి పొట్టివాడు కాడు. సీటూ హ్యాండిలూ పాత ఎత్తులోనే ఉండాలి. అందుకని పొడుగు పైపులు పెడతారు, వాటినీ మడిచేలా చేస్తారు. గడ్డపార పొడుగయ్యేకొద్దీ రాయి సులువుగా లేస్తుంది చూడండి, అలాగే మనం హ్యాండిల్ మీద వేసే బరువంతా పైపు అడుగున ఉన్న ఆ చిన్న కీలును పెకిలించాలని చూస్తుంది. అది లొంగకూడదు, తేలిగ్గానూ ఉండాలి. ఖర్చు అక్కడ.

గేర్ల గొడవ ఇంకోటి. ఒక చుట్టుకు 26 చక్రం రెండు మీటర్ల పైన పోతే, 20ది మీటరున్నర పోతుంది. కాళ్లు ఊరికే గిరగిరా తిరగకుండా పెడల్ దగ్గర 52 పళ్ల లాంటి పెద్ద చెయిన్ వీలు వేస్తారు.

మీరు చూసిన లక్ష రూపాయలది బ్రాంప్టన్ లాంటిదై ఉంటుంది. ఆండ్రూ రిచీ అనే ఆయన 1970లలో లండన్‌లో రూపకల్పన చేసిన సైకిల్ అది. ఇప్పటికీ లండన్‌లోనే తయారవుతోంది. మడిస్తే దాదాపు 65 × 59 × 27 సెంటీమీటర్లు, సూట్‌కేసంత. అలాగని 16 అంగుళాలవన్నీ లక్షలు కావు. అదే సైజులో నాసిరకం కీలుతో చవకవీ దొరుకుతాయి, వాటి జోలికి మాత్రం పోవద్దు.

16తో నాకో పరువు తక్కువ పని జరిగింది. ఒకాయన బ్రాంప్టన్ తెచ్చి టైరు మార్చమన్నాడు. ‘పిల్లల సైకిల్ టైరు ఉందిలే’ అని తీశాను. ఎంత లాగినా ఎక్కదు! చెమటలు పట్టాక టైరు అంచు మీద, రిమ్ము కొలతను మిల్లీమీటర్లలో చెప్పే చిన్న అంకెలు చూశాను. నాది 305, ఆయనది 349. రెండిటి మీదా 16 అనే రాసుంటుంది, రిమ్ములు మాత్రం 44 మిల్లీమీటర్ల తేడా. 20 అంగుళాల్లో ఎక్కువ సైకిళ్లకు 406 వస్తుంది. అది పిల్లల సైకిళ్లకు వాడేదే, చిత్తూరులోనూ దొరుకుతుంది. పంచరైనా టెన్షన్ ఉండదు.

మీకు నేను 20 అంగుళాలదే చెబుతాను, అల్యూమినియం ఫ్రేము, 12 కిలోలకు అటూఇటూ ఉండేలా. కొనేముందు, ముందు చక్రం బ్రేకు గట్టిగా పట్టి హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. కీలు దగ్గర టక్కుమన్నా, ఇసుమంత కదిలినా, ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. తర్వాత దాన్ని మడిచి, చేత్తో పట్టుకుని షాపు మెట్లు రెండుసార్లు ఎక్కి దిగండి. షాపువాడు నవ్వితే నవ్వనీండి, తిరుపతి స్టేషన్లో ఓవర్ బ్రిడ్జి రోజూ ఎక్కాల్సింది మీరు.