నిద్రవేళకి వెళ్ళి చూడు

అమ్మాయ్,

నీ మెసేజ్ రాత్రి చూశాను. మళ్ళీ ఉద్యోగంలో చేరాలి, చంటిదానికి తొమ్మిదో నెల, మూడు డే కేర్‌లు చూసొచ్చావు, మూడూ బాగానే ఉన్నాయనిపించి ఏదీ తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నావు. ముందే ఫోన్ చేసి పొద్దున పదింటికి వెళ్తే ఏ డే కేర్ అయినా పెళ్ళిచూపుల ఇల్లులాగే ఉంటుందమ్మా. పన్నెండేళ్ళు పిల్లల గదిలో పనిచేశాను, ఎవరో చూడ్డానికి వస్తున్నారనగానే మేమేమేం సర్దేవాళ్ళమో నాకు తెలీదా!

ముందు లైసెన్స్. ఫ్రేము కట్టించి గోడకి తగిలించారు కదా అని వదిలెయ్యకు, దగ్గరికెళ్ళి చదువు. అందులో ఉన్న అడ్రసు నువ్వు నిలబడ్డ చోటిదేనా, గడువు ఎప్పటిదాకా ఉంది, ఎంతమంది పిల్లలకి, ఏ వయసు వాళ్ళకి అనుమతి ఇచ్చారు. ఒక బ్రాంచి లైసెన్స్‌ని జిరాక్స్ తీసి రెండో బ్రాంచిలో తగిలించినవాళ్ళని చూశాను కాబట్టి చెప్తున్నా. రెండేళ్ళు దాటిన వాళ్ళకే అనుమతి ఉండి, నీ పిల్లని చేర్చుకుంటామన్నారంటే ఇంక మాట్లాడక్కర్లేదు, వచ్చెయ్. ఆ లైసెన్స్ ఇచ్చిన ఆఫీసుకి కూడా ఫోన్ చేసి, తనిఖీల్లో ఏం రాశారు, ఫిర్యాదులేమైనా ఉన్నాయా అని అడుగు. చిన్నాచితకా లోపాలు ఎవరికైనా రాస్తారు, చెత్తబుట్టకి మూత లేదని మాకూ రాశారు ఒకసారి. కానీ అదే లోపం వరసగా రెండు మూడు తనిఖీల్లో ఉందంటే వాళ్ళకి పట్టింపు లేదన్నమాట.

కాగితాల పని అంతే. లైసెన్స్ లేనిచోట గడప తొక్కొద్దు, ఉన్నంత మాత్రాన పిల్లని అప్పజెప్పనూ వద్దు.

అసలు చూడాల్సింది నిద్రవేళ. మధ్యాహ్నం ఒంటిగంటకి, చెప్పకుండా వెళ్ళు. నా మనవడి కోసం ఒకచోటికి అలాగే వెళ్ళాను. రంగురంగుల గోడలు, మంచి పేరు, అన్నీ ఉన్నాయి. నిద్రగదిలో లైటు తీసేసి ఉంది, పెద్దవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక పిల్లాడు కారు సీటులోనే, గడ్డం గుండెకి ఆనిపోయి పడుకున్నాడు. అలా తల వాలిపోతే ఊపిరి ఆడే దారి మూసుకుపోవచ్చు. ఇదేంటని అడిగితే, 'కదిపితే లేచి ఏడుస్తాడండీ' అంది అక్కడ పనిచేసే అమ్మాయి. ఏడాది లోపు పిల్లల్ని ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టాలి, ఎవరి మంచం వాళ్ళకి ఉండాలి, పరుపు గట్టిగా, చదునుగా ఉండాలి. దిండు, దుప్పటి, బొమ్మ ఏవీ మంచంలో ఉండకూడదు. ఇందులో ఒక్కటి తేడా కనిపించినా 'ఈ ఒక్కరోజేనండీ' అంటారు, నమ్మకు.

అక్కడే నిలబడి లెక్కపెట్టు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం, వాళ్ళు వేరే సంస్థలతో కలిసి తయారుచేసిన ప్రమాణాల్లో ఏడాది లోపు పిల్లలు ముగ్గురికి ఒక పెద్ద మనిషి, ఆ తర్వాత మూడేళ్ళ దాకా నలుగురికి ఒకరు ఉండాలని ఉంది. చట్టాలు చాలాచోట్ల ఇంతకంటే ఎక్కువమందిని ఒప్పుకుంటాయి, అది వేరే సంగతి. ఉన్నవి రెండు చేతులే కదా! అందుకే మేనేజర్ని ఒక్క ప్రశ్న అడుగు: ఫైర్ అలారం మోగితే ఈ నడక రాని పిల్లల్నందర్నీ ఎలా బయటికి తీసుకెళ్తారు? మేమైతే చక్రాల మంచంలో నలుగుర్నేసి తోసుకెళ్ళేవాళ్ళం, నెలకోసారి ప్రాక్టీసు కూడా చేసేవాళ్ళం. జవాబు కోసం వెతుక్కుంటున్నారంటే ఎప్పుడూ చేసి చూడలేదని నీకే అర్థమవుతుంది.

వీలైతే డైపర్ మార్చేదాకా ఉండు. ఆయా ఒక చెయ్యి చివరిదాకా పిల్ల మీదే ఉండాలి, కొత్త డైపర్ కోసం వెనక్కి తిరిగినప్పుడు కూడా. మార్చాక ఆ బల్ల తుడుస్తుందా, సబ్బుతో చేతులు కడుక్కుంటుందా, పాలసీసాలు కడిగే సింకులోనే కడుక్కుంటుందా చూడు. ఇంకోటి, ఆ కాసేపూ పిల్లతో కబుర్లాడుతుందా, ఏదో వస్తువుని తిప్పినట్టు తిప్పుతుందా? నాకైతే అన్నిటికంటే ఇదే ముఖ్యం.

సిగ్గుపడకుండా ఒకసారి నేలమీద కూర్చో, చంటిది పాకుతుంది కాబట్టి దాని ఎత్తునుంచే చూడాలి. బొమ్మల్లో నాణెంలాంటి బటన్ బ్యాటరీలు ఉంటే మూత స్క్రూతో బిగించి ఉందా అని చూడు, అది మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. కిటికీ కర్టెన్ల తాళ్ళు వేలాడకూడదు. తుడుపు బకెట్‌లో నీళ్ళు వదిలెయ్యకూడదు, రెండంగుళాల నీళ్ళలో కూడా పిల్లలు మునిగిపోతారు.

మేనేజర్‌తో మాట్లాడింది చాలు, ఆయాతో మాట్లాడు. ఇక్కడ ఎన్నాళ్ళనుంచి చేస్తున్నావు, పిల్లల గొంతుకి ఏదైనా అడ్డంపడితే ఏం చేస్తావు అని అడుగు. రెండు నెలలకో కొత్త మొహం కనిపించే చోటు మీ దానికి పనికిరాదు, తెలిసినవాళ్ళనే అంటిపెట్టుకుని ఉండే వయసది. మొదటివారం గంట, రెండు గంటలు, అలా పెంచుకుంటూ పో. ఏడుస్తుందని దొంగచాటుగా జారుకోకు, చెప్పి, ముద్దుపెట్టి, గబగబా వచ్చెయ్. తల్లిదండ్రులు ఎప్పుడొచ్చినా లోపలికి రానివ్వాలి, కెమెరాలున్నాయి ఫోన్లో చూసుకోండి అంటే కుదరదని చెప్పు.

ఫీజుల సంగతి మీ ఇద్దరూ చూసుకోండి. జ్వరమొచ్చి పంపని రోజులకి కూడా కట్టాలా, పిల్లని ఎవరెవరికి అప్పగిస్తారు, మందులు రాతపూర్వకంగా చెప్తేనే వేస్తారా, ఇవి కాగితం మీద రాయించుకో.

నువ్వు చెప్పిన రెండోదాంట్లో, ఆయా పిల్లల మధ్య నేలమీదే కూర్చుంది, నిన్ను చూసి లేవను కూడా లేవలేదు అన్నావే, ముందు అక్కడికే వెళ్ళు. గురువారం, ఒంటిగంటకి. ఫోన్ చెయ్యకుండా.

పిన్ని