సముద్రం గాలం వాళ్ళకి ఫ్లై కాస్టింగ్ నేర్పేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

సూర్యలంక, నిజాంపట్నం వైపు సముద్రంలో గాలాలు వేసే ఆరుగురు ఫ్లై కాస్టింగ్, అంటే ఈకలతో కట్టిన తేలికపాటి ఎరని విసిరే పద్ధతి, నేర్పమని నిన్ను అడిగారట, మీ అమ్మ చెప్పింది. ఒప్పుకో. కానీ ఒక్క సంగతి ముందే తెలుసుకుని దిగు. వాళ్ళు కొత్తవాళ్ళు కారు. పన్నెండడుగుల కర్రతో వంద గ్రాముల సీసం గుండుని కెరటాల అవతల పడేసే చేతులు వాళ్ళవి. నీకు రాబోయే తిప్పలన్నీ ఆ బలంతోనే వస్తాయి.

వాళ్ళ పద్ధతిలో సీసం ఎగిరి లైనుని లాక్కుపోతుంది. ఇక్కడ ఈకల ఎరకి బరువే లేదు, లైనే తన బరువుతో ఎరని మోసుకుపోవాలి. ఇది మాటలతో చెప్పకు. ఒక అరచేతిలో ఎర పెట్టు, ఇంకో అరచేతిలో ఎనిమిదో నంబరు లైను (ఆ నంబరు లైను బరువుకి గుర్తు) మొదటి 30 అడుగులు చుట్టి పెట్టు. ఆ చుట్ట 210 గ్రెయిన్లు, అంటే పదమూడున్నర గ్రాములు. దేన్ని విసరాలో వాళ్ళ చేతికే తెలుస్తుంది.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తొమ్మిదడుగుల ఎనిమిదో నంబరు రాడ్డు, లైను కొసకి కట్టే ఏడున్నర అడుగుల సన్నటి దారం (దాన్నే లీడరు అంటారు), దాని చివర గాలానికి బదులు ఎర్ర ఊలు పోగు. లైను మాత్రం వేడి ప్రాంతాల కోసం చేసిందే తెప్పించు. చల్లటి నీళ్ళ లైను మన బెజవాడ ఎండకి మెత్తబడి రాడ్డుకున్న రింగుల్లో జారదు, నేర్చుకునేవాడేమో తన చెయ్యే బాగాలేదనుకుంటాడు. ఘాట్ మెట్ల మీద నేర్పకు, సిమెంటు లైను పూతని గీరేస్తుంది. పచ్చగడ్డి ఉన్న గ్రౌండు చూసుకో. పైన కరెంటు తీగ ఒక్కటి కూడా ఉండకూడదు, కార్బన్ రాడ్డులోంచి కరెంటు పారుతుంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టు, గాలి లేచేలోపు ముగించు.

ఇక అసలు పని. మొదటిరోజు దూరం ఊసే ఎత్తకు. ఆపడం నేర్పు. సీసం విసిరేవాడు చెయ్యి చివరిదాకా సాగదీసి వదిలేస్తాడు, అదే అలవాటుతో ఇక్కడా రాడ్డుని నేలదాకా దించేస్తాడు. రాడ్డు ఠక్కున ఆగితేనే దాని కొస నుంచి లైను మడతపడి లూపుగా ముందుకి దొర్లుతుంది. ఇది చెప్పడానికి సున్నం కుంచె చాలు. కుంచెని నీళ్ళలో ముంచి ఇవ్వు, ఎదురుగోడ మీద ఒక్కచోటే చుక్కలు పడేలా విదిలించమను. మొదట్నుంచీ బలంగా ఊపినవాడికి నీళ్ళు నెత్తిన పడతాయి. నెమ్మదిగా కదిలించి, వేగం పెంచి, చటుక్కున ఆపినవాడికి గోడ మీద పడతాయి. రాడ్డుకి కావలసింది అచ్చం ఆ ఊపే.

మొదలుపెట్టేటప్పుడు రాడ్డు కొస నేలకి దగ్గరగా ఉండాలి, లైను బిగువుగా ఉండాలి. లైను వదులుగా పడి ఉంటే సగం ఊపు దాన్ని బిగించడానికే పోతుంది. వెనక్కి ఎత్తి ఆపాక వేచి ఉండాలి. ఎంతసేపు? లైను వెనక పూర్తిగా సాగేదాకా. లైను పొడుగైతే ఆగేదీ ఎక్కువే, అందుకని అంకెలు లెక్కపెట్టించకు. కుడికాలు కొంచెం వెనక్కి పెట్టి, తల తిప్పి కళ్ళతో చూడమను. సీసం వేసేవాళ్ళకి వెనక్కి చూసే అలవాటే ఉండదు. కొరడా ఝళిపించిన చప్పుడు వచ్చిందంటే తొందరపడ్డాడని అర్థం, నిజం ఎర అయితే అక్కడే తెగిపోతుంది.

మణికట్టు వంచేవాళ్ళు కనీసం ముగ్గురుంటారు. మణికట్టు వంగితే రాడ్డు కొస విసనకర్ర తిరిగినట్టు తిరుగుతుంది. కొస ఎటు పోతే లైను అటే పోతుంది కాబట్టి లూపు వెడల్పయి గాలికి చతికిలపడుతుంది. రాడ్డు అడుగు కొసని ముంజేతికి చేర్చి తువ్వాలు వదులుగా చుట్టు, పది నిమిషాల్లో దారికొస్తారు. మోచెయ్యి గట్టు మీద జరుపుతున్నట్టు ఒకే ఎత్తులో వెనక్కీ ముందుకీ పోవాలని చెప్పు. 2018లో పోయిన అమెరికా గురువు లెఫ్టీ క్రే ఇలాగే నేర్పేవాడు. గడియారంలో పదికీ రెండుకీ మధ్య ఆపాలన్న పాత లెక్క ఆయన ఒప్పుకోలేదు. బరువైన ఎరా ఎదురుగాలీ ఉన్న సముద్రానికి ఆయన మాటే సరైందని నా నమ్మకం.

లీడరులో దానంతట అదే ముడి పడితే అందరూ గాలిని తిడతారు. గాలి తప్పేం లేదు. ముందుకి తెచ్చేటప్పుడు మొదట్లోనే కుదుపుగా బలం పెట్టాడు, రాడ్డు ఒక్కసారిగా వంగి కొస కిందికి దిగి మళ్ళీ లేచింది, లూపు పై లైను కింది లైనుని దాటింది. మందు ఒక్కటే, మెల్లగా మొదలుపెట్టి బలాన్ని చివరికి దాచుకోవడం. ముడి పడ్డ లీడరు వాడొద్దను, పెద్ద పండుగప్ప తగిలితే అక్కడే తెగుతుంది.

ఇవన్నీ కుదిరాకే రెండో చేతి పని. రాడ్డు వేగం అందుకునే ఆఖరి క్షణంలో ఎడమచేత్తో లైనుని జానెడు లాగి, రాడ్డు ఆగగానే చేతిని తిరిగి పైకి, మొదటి రింగు వైపుకి పోనివ్వాలి. లాగడం అందరికీ వస్తుంది, తిరిగి ఇవ్వడమే రాదు. ఇవ్వకపోతే మధ్యలో లైను వదులై రీలుకి చుట్టుకుంటుంది. రాడ్డుని అడ్డంగా పట్టించి, ఒక్కో ఊపు తర్వాత లైనుని గడ్డి మీద పడనిచ్చి, విడివిడిగా చేయించు.

తప్పు చెప్పేముందు మూడుసార్లు చూడు. ముందు లూపు, తర్వాత రాడ్డు కొస, ఆ తర్వాతే చెయ్యి. ఒకసారికి ఒక్క తప్పే దిద్దు. అరగంట దాటితే చెయ్యి అలిసి పాత అలవాటుకే పోతుంది, కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వు. సైకిల్ టైర్లు 30, 40, 50 అడుగుల్లో పరిచి వాటిలో వేయించు. 50 అడుగుల్లో రెండే ఊపులతో టైరులో పడుతుంటే సూర్యలంక తీసుకెళ్ళొచ్చు.

అక్కడ కళ్ళద్దాలు, టోపీ లేనివాణ్ణి నీళ్ళలోకి దిగనివ్వకు. గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని పట్టకారుతో నొక్కేయించు. గాలి కుడివైపు నుంచి కొడితే కుడిచేతి వాటం వాడి చెవికే గాలం వస్తుంది. రాడ్డు కొసని ఎడమ భుజం మీదుగా తిప్పమను, లేదా ఒడ్డువైపు తిరిగి వెనక ఊపుతోనే నీళ్ళలోకి వదలమను. చేప అందుకున్నప్పుడు రాడ్డు ఎత్తకూడదు, కొస నీళ్ళవైపే ఉంచి లైనుని చేత్తో గట్టిగా లాగాలి. ఆరుగురిలో ఎడమచేతి వాటం వాళ్ళుంటే వరసలో ఎడమ కొసన నిలబెట్టు, మనిషికీ మనిషికీ మధ్య ఇరవై అడుగులు వదులు.

ఉంటాను,
మామయ్య